గాల్లో ఆగిన ముద్ద

ఈ బర్మా దేశంలో మన తెలుగువాళ్ళకి కులాల పట్టింపు లేదు అనేవాళ్ళు కనిపిస్తే చెంప పగలగొట్టాలనిపిస్తుంది నాకిప్పుడు. ముందుగా కొట్టవలసింది నన్నే. ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు అన్నది నేనే. ఇండియా నుంచి వచ్చిన చుట్టాల ముందు, సముద్రం దాటినప్పుడే మావాళ్ళు దాన్ని ఒడ్డున పారేసి వచ్చారని గొప్పలు పోయేదాన్ని.

మేం ముగ్గురం యాంగోన్‌లోనే పుట్టి, ఒకే బళ్ళో ఒకే బెంచీ మీద చదువుకున్న ఆడవాళ్ళం. ఒకత్తి గంజాం వాళ్ళ పిల్ల. ఇప్పుడు మొగుడితో కలిసి లత బజారులో బట్టల కొట్టు నడుపుతోంది. ఇంకొకత్తి ఊరికి తూర్పున తాకేటా పేటలో ఉంటుంది, మిషను కుడుతుంది. దాని తాతముత్తాతలు మునిసిపాలిటీలో వీధులూడ్చేవాళ్ళు. నా ముత్తాత రేవులో బియ్యం బస్తాలు మోశాడు. అందరూ ఒకే రకం ఓడల్లో, ఒకే డెక్కు మీద వాంతులు చేసుకుంటూ వచ్చిన జనమే. బస్తా మోసినవాడు చీపురు పట్టినవాడికంటే ఎందులో ఎక్కువో ఈ వయసు వచ్చినా నాకెవరూ చెప్పలేదు. ఈ ఊరివాళ్ళకైతే మేం ముగ్గురం ఒకటే. బస్సులో ఎవడికైనా కోపం వస్తే ఇండియా మొహాలన్నిటినీ ఒకే గాటన కట్టి 'కలా' అని తిడతాడు. ఆ తిట్టులో ఎక్కువ తక్కువలు లేవు.

తాకేటాదాని కూతురు ఆసుపత్రిలో నర్సు. కొట్టుదాని కొడుకు ఫోన్లు బాగుచేస్తాడు. ఇద్దరూ ఇష్టపడ్డారు. పిల్ల ముందుగా చెప్పింది నాకే. నేనే మధ్యలో ఉండి రెండువైపులా మాట కదిపాను. నేను భయపడినంత ఏమీ జరగలేదు. కొట్టుది ఫోనులో నవ్వేసింది.

"ఈ రోజుల్లో కులమేటే? పిల్లలు సుకంగా ఉంటే సాలదా?"

ఆ మాటకి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ముహూర్తం ఎప్పుడు పెట్టుకోవాలో ముందు తల్లులిద్దరూ మాట్లాడుకుంటే బాగుంటుందన్నాను. ఎవరింట్లో కూర్చున్నా, గుడిలో కూర్చున్నా గోడలకి చెవులే. అందుకని సంచౌంగ్‌లో మా ఆఫీసు దగ్గరున్న ఇథియోపియా హోటలుకి రమ్మన్నాను. మన మనిషి ఒక్కడూ కనపడని చోటు అదొక్కటే. ఓడ మీద పనిచేసిన ఒక బర్మా ఆయన్ని పెళ్ళి చేసుకుని వచ్చిన ఇథియోపియా ఆవిడ, మేడ మీద నాలుగు బల్లలు వేసి నడుపుతుంది. అందరం ఆవిడని 'అమా' అంటాం, అక్కా అని పిలిచినట్టు. వంటా వడ్డనా అన్నీ ఆవిడే.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాం. కరెంటు లేదు. కింద జనరేటర్ మోతకి గట్టిగా మాట్లాడుకోవలసి వచ్చింది. తాకేటాది కొత్త రవికె కుట్టుకుని వచ్చింది. కొట్టుది చేతికి నాలుగు గాజులు ఎక్కువే వేసుకుని వచ్చింది. పెళ్ళివారిలాగే ఉన్నారు ఇద్దరూ, నాకు ముచ్చటేసింది.

అమా పెద్ద పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టింది. పళ్ళెం నిండా ఇంజెరా, అంటే మన పుల్లట్టు లాంటిదే, చాపంత వెడల్పు, పైనంతా చిల్లులు. దాని మీద కుప్పలు కుప్పలుగా పప్పు, క్యాబేజీ, ఎర్రటి కోడికూర. తన దేశపు పిండి ఇక్కడ దొరకదట, బియ్యప్పిండి కలిపి పులియబెడుతుందట. "అంచు నుంచి తుంచుకుంటూ ముగ్గురూ ఇందులోనే తినండి. మొదటి ముద్ద మాత్రం ఎవరిది వాళ్ళు తినకూడదు, పక్కవాళ్ళ నోట్లో పెట్టాలి. మా దేశంలో ప్రేమ ఉందని అలా చెబుతాం" అంది బర్మీస్‌లో.

తాకేటాది పకపకా నవ్వింది. అట్టు ముక్కలో కోడికూర చుట్టి, కొట్టుదాని నోటి ముందు పెట్టింది.

"తీయే నోరు! ఇయ్యపురాలి సేతి ముద్ద, వద్దనకూడదు."

కొట్టుది మొహం పక్కకి తిప్పుకుంది.

తలకాయ కొంచెమే తిప్పింది. అంతే. తర్వాత అమా వైపు చూసి తియ్యగా, "ఒక చిన్న ప్లేటు ఇప్పిస్తారా?" అంది. తాకేటాదానితో, "ఏటనుకోకే, మా ఇంట్లో ఎంగిలి పట్టింపు. సిన్నప్పట్నించీ అలవాటు" అంది.

ఎంగిలి పట్టింపు! ముందు వారమే చెరకురసం బండి దగ్గర నా గ్లాసు లాక్కుని సగం తాగి మూతి తుడుచుకున్న మనిషి! నా అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్ఫై ఏళ్ళుగా ముగ్గురం టీ కొట్లో ఒకే పళ్ళెం లఫెట్ తిన్నాం. తేయాకుల సలాడు, ఎవరి చెంచా వాళ్ళకి. ఆ చెంచాలే మా స్నేహాన్ని ఇన్నాళ్ళూ కాపాడుకొచ్చాయని నాకప్పుడు తెలిసింది. గుడిలో అమ్మవారి పండక్కి వడ్డనకి మా ఇద్దరి ఇళ్ళ నుంచీ ఆడవాళ్ళని పిలిచేవారు, తాకేటావాళ్ళని ఎప్పుడూ పిలవలేదు. నేనది గమనించలేదని చెబితే అబద్ధం. గమనించాను. నన్ను పిలిచారు కదా అని వెళ్ళాను.

తాకేటాదాని చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. వేలి మీంచి ఎర్రటి నూనె మణికట్టు దాకా కారింది. అది చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని ఆ ముద్ద తన నోట్లోనే పెట్టుకుంది. చాలాసేపు నమిలింది.

అమాకి సంగతేమిటో తెలియదు పాపం. ఒకరడిగారు కదా అని రెండు ప్లేట్లు తెచ్చింది. ఒకటి కొట్టుదాని ముందు పెట్టింది, రెండోది నా ముందు పెట్టింది.

నేనేం చెయ్యాలి? ఆ కొట్టుదాన్ని జుట్టు పట్టుకుని ఈడ్చాలి. లేదా ఆ ప్లేటు వెనక్కి తోసెయ్యాలి, అది ఎంతసేపు పని? నేను చేసింది చెబుతాను. నేనూ ఒకటి తీసుకుంటే కొట్టుది చేసిన పని అంత ఎబ్బెట్టుగా కనపడదు, పెళ్ళి మాటలు చెడిపోవు అనుకున్నాను. ఆ ప్లేటు దగ్గరికి లాక్కుని, ఇంజెరా కాస్త తుంచి, పప్పు వేసుకున్నాను. సర్దుబాటు చేస్తున్నానని నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

పెద్ద పళ్ళెం దగ్గర తాకేటాది ఒక్కత్తే మిగిలింది.

అది తొందరపడలేదు. పప్పూ క్యాబేజీ అన్నీ వరసగా, ఎవరూ పోటీ లేనట్టు తిన్నంత తింది. కొట్టుది ముహూర్తం మాట ఎత్తింది. కల్యాణమండపం అంది, చీరలు మా కొట్లోవే అంది. తాకేటాది నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి అడిగింది.

"నా పిల్ల మీ ఇంట్లో ఏ కంచంలో తింటాది?"

"అయ్యో, అదేటే ఆ మాట! ఇంత సిన్న ఇసయానికి..."

"సిన్నదే. అది రోజుకి మూడుసార్లు తినాలి గదా, అందుకడిగినాను. నా పిల్లని ఇవ్వను."

కొట్టుది గాజులు గలగలలాడించుకుంటూ లేచింది. మంచికి పోతే చెడ్డ ఎదురైందని, వీళ్ళ బుద్ధులే అంతని మెట్లు దిగుతూ గొణిగింది. వీళ్ళ బుద్ధులట! అప్పుడు కూడా నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను.

తాకేటాది చేతులు కడుక్కుని వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆ గంజాందాన్ని నోటికొచ్చినట్టు తిట్టడం మొదలెట్టాను, ఇక కొట్టు గడప తొక్కనన్నాను, ఒట్టు పెట్టుకున్నాను.

"దాన్నేటీ అనకు. దాని సంగతి నాకు ఎప్పుడో తెలుసు, పిల్ల కోసం వచ్చినాను. నువ్వెందుకే తీసుకున్నావు ప్లేటు?"

"గొడవ కాకూడదని."

"నాకు అయినాది గదా."

జనరేటర్ ఆగిపోయింది. తాకేటాది లేచింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "ఇంటికొచ్చి పిల్లకి నువ్వే సెప్పు. మద్దెన ఉన్నదానివి నువ్వే గదా" అని వెళ్ళిపోయింది.

సాయంత్రం తాకేటా వెళ్ళాను. పిల్ల డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తెల్లబట్టలు ఇంకా మార్చలేదు. నా మొహం చూసి నిలబడిపోయింది. జరిగినదంతా చెప్పాను. కొట్టుదాని మాటలు దాని గొంతుతో సహా అనుకరించి చెప్పాను, దాని మొహం ఎలా తిరిగిందో తిప్పి చూపించాను. చెబుతున్నకొద్దీ కోపం పొంగుకొచ్చింది. మనుషులా వీళ్ళు అన్నాను. ఎన్ని తరాలైనా మారరన్నాను. పిల్ల ఒక్కసారి కూడా అడ్డురాకుండా విన్నది.

"పిన్నీ, మీరక్కడే ఉన్నారు గదా. అప్పుడు మీరేటన్నారు?"

"నేనేమీ అనలేదమ్మా."

పిల్ల తల ఊపింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.