పళ్ళెంలోంచి ముందే తీసిన పాచిక

లిఫ్టులు తనిఖీ చేసే మనిషి పక్కన నిలబడి లిఫ్టెక్కడం అంత సుఖమైన పని కాదు. అందరూ అంతస్తుల అంకెలకేసి చూస్తుంటే ఆవిడ పైనున్న తాళ్ళ చప్పుడు వింటూ ఉంటుంది. మధ్యలో ఒకసారి కనుబొమ్మ పైకెత్తుతుంది. ఎందుకెత్తిందో చెప్పదు. ఆ తరువాత మనం నెలరోజులు మెట్లే ఎక్కుతాం.

చుట్టాలు, స్నేహితులు, ఆఫీసులో ఫైళ్ళు మోసే మనిషీ అందరూ ఆవిణ్ణి రూల్సక్క అనే పిలుస్తారు. ఆవిడా పలుకుతుంది. ఊరికి బయల్దేరితే గ్యాసు కట్టేశానా అని వీధి చివరినుంచి వెనక్కి వచ్చే రకం. "భయపడకు, ఏమీ కాదు" అన్న మాట ఆవిడకి గిట్టదు. ఏమీ కాకుండా ఉండాలంటే ఎవరో ఒకరు కిందకి దిగి నట్లు బిగించాలి. ఇరవై ఏళ్ళుగా అలా దిగుతున్నది తనే.

ఇలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నాలు సూపర్ హీరోల ఆట ఆడిస్తుందంటే వినేవాళ్ళు నవ్వుతారు. ఆ ఆటకి బోర్డూ గళ్ళూ ఉండవు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక హీరో. హీరో ఏం చేస్తాడో ఆటగాడు నోటితో చెప్తాడు, చెయ్యగలిగాడో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే పనైనట్టు, చిన్నది పడితే బెడిసికొట్టినట్టు. మొదట్లో బజారులో దొరికే రూల్సు పుస్తకం ఒకటి కొన్నారు. అందులో ఎగిరే హీరో కిందపడితే ఏమవుతుందో అరపేజీలో తేల్చేశారు. లిఫ్టుల మనిషికి అరపేజీ ఏ మూలకి? తనే సొంతంగా రాసుకుంది. గాల్లో ఉండగా ఫోన్ మాట్లాడకూడదు. వీపున కేపు గుడ్డ వేలాడేసుకున్నవాళ్ళు తలుపుల దగ్గర అదనంగా ఒకసారి పాచిక వెయ్యాలి. హీరో డైలాగు కొడుతున్నంతసేపు విలన్ చేతులు కట్టుకుని ఆగుతాడు, కానీ ఒక పోరాటానికి ఒక్కటే డైలాగు. ఈ చివరిది ఆటగాళ్ళలో ఒకడైన సెలూనాయన కోసం పెట్టవలసి వచ్చింది.

సరదా రూల్సు ఎన్ని మారినా రెండు మాత్రం ఎన్నడూ మారలేదు. పాచిక బల్ల మధ్యనున్న స్టీలు పళ్ళెంలోనే పడాలి, వేసినవాడు అంకె పైకి చదివేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. రెండోది, ఓడినవాడిదే మాట. అంటే హీరో ఓడిపోతే ఎలా ఓడాడో ఆ ఆటగాడే చెప్పుకుంటాడు, అడ్డు తగలడానికి కథ నడిపేవాళ్ళకి కూడా హక్కు లేదు.

ఆడేది ముగ్గురు. వీధి మలుపులో క్షౌరశాల నడిపే సెలూనాయన హీరో పేరు ఉక్కుమీసం. మీసం తాడులా ఎంతైనా సాగుతుంది. ఆ మీసం ఎన్ని కిలోల బరువు ఆపుతుందో తేల్చేదాకా రూల్సక్క ఆట మొదలుపెట్టనివ్వలేదు. రిటైరైన భూగోళం టీచరమ్మ హీరో పేరు నిశ్శబ్దం. చెయ్యెత్తితే ఊరంతా నోరు మూసుకుంటుంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ దొరకనిది ఆదివారం పూట తీర్చుకుంటోంది పాపం.

మూడోవాడు రూల్సక్క తమ్ముడు. వాడు బస్సు డ్రైవరు. నిరుడు వానాకాలంలో ఒక పొద్దున బ్రేకులు పడక బస్సు ఫర్నిచరు షాపు ప్రహరీని గుద్దేసింది. ఎవరూ పోలేదు, ఒకాయన మణికట్టు బెణికింది. లోపం యంత్రానిదేనని విచారణలో తేలింది. అయినా వాడు ఆ తరువాత స్టీరింగు ముందు కూర్చోలేదు. డిపోలో బస్సులు కడిగే షెడ్డుకి వేశారు. మళ్ళీ బండి ఇవ్వడానికి పరీక్షకి రమ్మని రెండుసార్లు పిలిచారు, రెండుసార్లూ వాడికి జ్వరం వచ్చింది. నటన కాదు, థర్మామీటరు పెట్టి చూసింది అక్క. ఇప్పుడు మూడో పిలుపు, సోమవారానికి. పరీక్షలో తప్పితే మళ్ళీ రావచ్చు. అసలు రాకపోతే మాత్రం ఇక షెడ్డే శాశ్వతమని కాగితం మీద సంతకం తీసుకున్నారు.

వాడి హీరో పేరు గోడ. నిలబడ్డ చోటినుంచి వాణ్ణి ఎవరూ కదపలేరు. అదొక్కటే వాడి శక్తి. ఏడాదిగా గోడ ఏ సాహసానికీ పోలేదు, నిలబడ్డాడంతే. పేరు విన్నరోజున సెలూనాయన ఏదో అనబోతే టీచరమ్మ బల్లకింద కాలు తొక్కింది.

ఆటలతో మనసులు బాగుచెయ్యొచ్చని ఎవరో రాసిన వ్యాసం ఒకటి రూల్సక్క ఆఫీసులో చదివింది. అలాంటి వ్యాసాలు రాసేవాళ్ళకి తమ్ముళ్ళు ఉండరు కాబోలు. ఆదివారం వచ్చేసరికి కథలో ఒక బస్సు సిద్ధం చేసుకుని కూర్చుంది.

విలన్ పేరు సీక్వెల్. ఎన్నిసార్లు చంపినా మళ్ళీ వస్తాడు.

"వీణ్ణి పోయిన నెలేగా సముద్రంలో ముంచాం?" అన్నాడు సెలూనాయన, బిస్కెట్టు టీలో ముంచుతూ.

"శవం దొరికిందా?" అంది రూల్సక్క.

"లేదు."

"మరింకేం. నువ్వు చూసే సినిమాలన్నిట్లో అదేగా రూలు. శవం చూపించలేదంటే బతికున్నట్టే."

"అదీ నిజమే. అయినా అక్కా, ఈ హీరోలకి మొహానికి ముసుగేస్తే చాలు కన్నతల్లి కూడా గుర్తుపట్టదేంటి? నేను జుట్టు వెనకనుంచి చూసి చెప్తాను ఎవరిదో."

"నువ్వు తల్లివి కాదుగా," అన్నాడు తమ్ముడు.

"రెండో భాగాల్లో కథ ఉండదు నాయనా. హీరోకి గడ్డం మాత్రం పెరుగుతుంది," అంది టీచరమ్మ.

"పెరగనివ్వండి టీచరుగారూ. మేమూ బతకాలి."

తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వు చూసి రూల్సక్కకి ధైర్యం రావాలి, రాలేదు. అయినా కథ ఎత్తుకుంది.

ఫ్లైఓవరు. సీక్వెల్ దాని స్తంభం ఒకటి విరగ్గొట్టాడు. ఉక్కుమీసం తన మీసంతో వంతెన అంచు పట్టుకు వేలాడుతున్నాడు. నిశ్శబ్దం సీక్వెల్ నోరు మూయించింది, చెయ్యి దించితే వాడు మళ్ళీ తన ముఠాకి ఆజ్ఞలు మొదలుపెడతాడు. ఆ వంతెన మీదకి నిండు బస్సు ఒకటి వస్తోంది. డ్రైవరు స్పృహ తప్పాడు.

"గోడా, నువ్వు ఆ బస్సులో ఉన్నావు."

తమ్ముడు టీ గ్లాసు కింద పెట్టాడు. "నేనెప్పుడెక్కాను?"

"పోయినవారం."

"పోయినవారం బస్టాపులో నిలబడ్డాను. ఎక్కలేదు."

"బస్టాపులో నిలబడ్డవాడు బస్సెక్కడా?"

"నేను మీసం విసిరి బస్సుని ఆపేస్తాలే," అన్నాడు సెలూనాయన గబగబా.

"నీ మీసం మీద ఇప్పటికే వంతెన బరువుంది. కుదరదు," అంది రూల్సక్క. గొంతు అనుకున్నదానికంటే కటువుగా వచ్చింది.

పక్కింట్లో ఎవరో బకెట్టు కింద పెట్టిన చప్పుడు. తమ్ముడు అక్క మొహంలోకి చూశాడు. ఇదంతా ఎందుకో వాడికి అర్థమైపోయిందని ఆవిడకి అర్థమైంది. లేచి గదిలోకి పోతాడు. తలుపేసుకుంటాడు. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడుతుంది. అంతా కళ్ళకి కట్టినట్టు కనిపించింది ఆవిడకి. ఆవిడ చేసే పనే అది, ఏది ఎలా తెగుతుందో ముందే చూడటం.

"సరే," అన్నాడు వాడు. "సీట్లో కూర్చుంటాను. స్టీరింగు పట్టుకుంటాను. ఎంత పడాలి?"

"పదిహేను. ఆపైన ఎంతైనా సరే."

పాచిక పళ్ళెం అంచుని తాకి, తిరిగి తిరిగి రూల్సక్క వైపు వచ్చి ఆగింది. నాలుగు.

"పదిహేడు," అంది రూల్సక్క. అప్పటికే పాచిక ఆవిడ పిడికిట్లో ఉంది.

అంకె సంగతి అలా ఉంచండి, ఆ చెయ్యి అందరికీ కనిపించింది. ఇన్నేళ్ళ ఆటలో ఆవిడ పాచికని ముందుగా ముట్టుకున్నది లేదు. ఒకసారి సెలూనాయన పొరపాటున ముట్టుకుంటే వారం రోజులు మాట్లాడలేదు కూడా.

"ఎందుకు తీశావక్కా?"

"చూశాగా. పదిహేడు."

"నేను చదవలేదు."

"పదిహేడే అయ్యుంటుందిలే తమ్ముడూ, కానివ్వు," అన్నాడు సెలూనాయన. తమ్ముడు టీచరమ్మ వైపు తిరిగాడు. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. "నాకు మసగ్గా ఉంది బాబూ."

"ముగ్గురూ కలిసే మొదలుపెట్టారన్నమాట." వాడు గొంతు పెంచలేదు. "డిపోలోనూ ఇంతే. నేను వస్తున్నానంటే యాక్సిడెంటు మాట మింగేసి క్రికెట్ ఎత్తుకుంటారు. మేనేజరు దగ్గర్నుంచి టీ పోసేవాడి దాకా భుజం తట్టనివాడు లేడు. తట్టించుకుని తట్టించుకుని భుజం వాచిపోయింది. ఈ బల్ల దగ్గర ఎంత పడితే అంతే అంటారు కదాని వస్తున్నాను నేను."

కుర్చీ వెనక్కి జరిగింది. వాడు లేచి నిలబడ్డాడు.

ఎవరైనా ఇక్కడ ప్రేమతోనే చేశాను అంటారు. రూల్సక్క అనలేదు. ప్రేమతో తీసినా పాచిక పాచికే. పిడికిలి విప్పి పాచికని పళ్ళెంలో పెట్టింది, ఆగినప్పుడు ఎలా ఉందో అలాగే.

"నాలుగు," అంది.

"నాలుగా."

"నాలుగే."

వాడు వంటింట్లోకి వెళ్ళాడు. కుళాయి తిప్పిన చప్పుడైంది. చాలాసేపు ఆగలేదు. సెలూనాయన బిస్కెట్టు టీలోనే కరిగి మునిగిపోయింది, తీసుకోలేదు. తను ఇంతదూరం తెచ్చిన సోమవారాన్ని తన చేత్తోనే పాడుచేసిందని రూల్సక్కకి ఖాయమైపోయింది.

కుళాయి ఆగింది. వాడు తడి మూతి తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

"ఓడినట్టేగా?"

"ఓడినట్టే."

"అయితే నేను చెప్తాను. ఎవరూ మాట్లాడకండి."

వాడు చెప్పాడు. గోడ స్టీరింగు పట్టుకున్నాడు. కదలకుండా నిలబడటం తప్ప ఏమీ నేర్చుకోని మనిషి, బస్సేమో కదిలేది. బ్రేకు తొక్కితే కాలు కింద ఏమీ లేనట్టే ఉంది, మెట్టుందనుకుని చీకట్లో అడుగేసినట్టు. రెయిలింగు వచ్చింది. చప్పుడు అనుకున్నంత పెద్దగా లేదు. ముందరి అద్దం మాత్రం తీరిగ్గా, చిన్న చిన్న ముక్కలై ఒళ్ళో పడింది. బస్సు సగం గాల్లో ఆగింది. గోడ వెనక తలుపు తీశాడు. జనం దిగారు. ఒకడు ఫోటో తీసుకున్నాడు. ఒకావిడ సంచీ సర్దుకుని గోడ దగ్గరికొచ్చి, "మరి నా స్టాపు ఇంకా రాలేదుగా, తరువాతి బస్సు ఎన్నింటికి?" అంది.

"ఆ మాట నిజంగానే అడిగిందా?" సెలూనాయన ఉండబట్టలేకపోయాడు.

"నిజంగానే. అదే బస్సులో, అదే రోజు. నేను టైము చూసి చెప్పాను కూడా."

టీచరమ్మకి ముందు నవ్వొచ్చింది. కళ్ళజోడు బల్లమీద పడేసి నవ్వింది. తరువాత సెలూనాయన. తమ్ముడు కూడా కొంచెం. రూల్సక్కకి మాత్రం రాలేదు. ఏడాదిలో వాడు ఆ ఉదయం గురించి మాట్లాడటం ఇదే మొదలు, అదీ తను దొంగలెక్క చెప్పాక. ఇది మంచికో చెడుకో ఆవిడకి తెలియలేదు.

ఆరోజు సీక్వెల్ తప్పించుకున్నాడు. వాళ్ళిద్దరూ వెళ్ళాక తమ్ముడు పళ్ళెం కడుగుతూ, "రేపు నువ్వు రాకు," అన్నాడు.

"సెలవు పెట్టాను రా."

"రద్దు చేసుకో. నువ్వొస్తే పక్కన నిలబడి పదిహేడంటావు."

సోమవారం ఆవిడకి పాత హోటలు భవనంలో తనిఖీ. లిఫ్టు గుంటలోకి దిగితే ఫోనుకి సిగ్నలు ఉండదు. స్ప్రింగులు చూసింది, తాళ్ళు కొలిచింది, చూసినవే మళ్ళీ చూసింది. పైకొచ్చిన ప్రతిసారీ ఫోను తీసింది. ఏమీ రాలేదు. వెళ్ళాడా, ముసుగుతన్ని పడుకున్నాడా? తనే చేద్దామని నంబరు నొక్కింది, మోగకముందే కట్టేసింది. సహాయకుడు ఏదో అడిగితే పొంతన లేని జవాబు చెప్పింది. లిఫ్టు బాగానే ఉంది, అయినా నమ్మబుద్ధి కాలేదు.

సాయంత్రం తలుపు తోసేసరికి వాడు బనీనుతో కూర్చుని అన్నం తింటున్నాడు. చొక్కా వీపంతా తడిసి కుర్చీకి వేలాడుతోంది. ఆవిడ ముందు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగానే ఉంది.

"వెళ్ళాను," అన్నాడు.

"ఊఁ."

"పోయింది."

ఆవిడ చెప్పులు విప్పకుండానే ఎదురుగా కూర్చుంది. "ఎవరికైనా..."

"స్తంభానికి. ముందుకి బాగానే నడిపాను. చేతులు వణికాయి, అయినా నడిచింది. రివర్సులో తగిలించాను. వచ్చే నెల మళ్ళీ రమ్మన్నారు."

ఫర్వాలేదురా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ మింగేసింది. వచ్చే నెల దాకా ఇంకో నెల భయం అనుకుంది లోపల.

"వెళ్తావా?"

"ఆఁ." వాడు ఇంకో ముద్ద కలుపుకున్నాడు. గ్లాసు జరిపి, దాన్ని స్తంభం చేసి, చెంచాని బస్సు చేసి వెనక్కి తోశాడు. "ఇదిగో, ఇక్కడ తిప్పాలి. నేను ఇక్కడ తిప్పాను."

"అద్దంలో చూసుకోలేదా?"

"చూశాను. దూరంగానే కనిపించింది."

"అద్దంలో అలాగే కనిపిస్తుంది రా, దగ్గరున్నది కూడా..."

"తెలుసక్కా," అన్నాడు చెంచా ఎత్తకుండానే. "డ్రైవర్ని నేను."