పాట ఆపినా ఆగని చప్పుడు

కారు కడిగించుకొస్తానని తీసుకుపోయాడు మా అక్క కొడుకు. సాయంత్రం తెచ్చి ఇచ్చినప్పుడు కారు కడిగే ఉంది. డిక్కీలో స్టెప్నీ పక్కన మాత్రం ఇనుప డబ్బా ఒకటి మరలతో బిగించి ఉంది. దానిలోంచి ఎర్రవీ నల్లవీ వైర్లు కార్పెట్ కిందికి పోయాయి.

"ఏందిరా ఇది?"

"యాంప్ మామా, సౌండ్ పెంచే డబ్బ. నాయనకు పాటలు మంచిగ ఇనవడాలని కొత్తకోటల పెట్టించిన."

"నన్నడిగినవా?"

"అడిగితే వద్దంటవ్ గద."

వద్దనేవాడినే. కంపెనీ నుంచి వచ్చిన స్టీరియో నాకు చాలు. దాని గొంతు చిన్నదే, కానీ ఎవరి జోలికీ వెళ్లేది కాదు. ఆ మాట అనబోయి వాడి ముఖం చూసి ఆగాను. గద్వాలలో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టి తన కాళ్ల మీద నిలబడుతున్న పిల్లవాడు, తండ్రి కోసం మొదటిసారి ఏదో చేశాడు. అడక్కుండా చేసిన మేలుతో వచ్చే చిక్కే ఇది. మన వస్తువును మనకు చెప్పకుండా కోసి కుట్టినా, నోరెత్తితే తప్పు మనదే అవుతుంది.

వాడి తండ్రి, అంటే మా బావ, ఆత్మకూరు దగ్గర మెట్ట సేద్యం చేసే రైతు. వయసులో ఉన్నప్పుడు వీధి నాటకాల్లో ఆయన పద్యం ఎత్తుకుంటే మైకు అక్కర్లేదనేవాళ్లు. ఆ ఎండాకాలం కర్నూలులో ఆయన గొంతులోంచి గడ్డ తీశారు. ప్రాణానికి భయం లేదన్నారు. గొంతు మాత్రం పక్కన కూర్చున్నవాళ్లకు అందేంతే మిగిలింది. రోజూ కాసేపు నెమ్మదిగా మాట్లాడుతూ ఉండాలనీ, మానేస్తే ఆ మిగిలింది కూడా దక్కదనీ, ఎట్టి పరిస్థితుల్లో గొంతు పెంచకూడదనీ డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఇంట్లో అది సాగలేదు. టీవీ మోగుతూనే ఉంటుంది, మనవలు కొట్టుకుంటూనే ఉంటారు, మా అక్కకు పుట్టుకతోనే పెద్ద గొంతు. బావ ఒక మాట మొదలుపెడితే తలా ఒకవైపు నుంచి "ఏందీ? ఏందీ?" అనేవాళ్లు. అదే మాట మూడోసారి చెప్పాల్సి వచ్చేసరికి ఆయన చెయ్యి ఊపేసి బయటికి పోయి అరుగు మీద కూర్చునేవాడు. ఆయన నిజంగా మాట్లాడింది నా కారులోనే. వారానికోసారి నేను వనపర్తి నుంచి వెళ్లి ఆయన్ని ఎక్కించుకుని, కొత్తకోట దగ్గర హైవే పట్టుకుని కర్నూలు దవాఖానకు తీసుకుపోయేవాణ్ని. అద్దాలు ఎక్కిస్తే బయటి రొద తగ్గేది. అప్పుడు మొదలుపెట్టేవాడు. వేరుశనగకు వాన తప్పిన సంగతి, కొడుకు దుకాణం సంగతి, మా అక్క పప్పులో వేసే ఉప్పు, నేను గేరు మార్చే తీరు. ఎక్కువ భాగం తిట్లే. బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన దాటేటప్పుడు మాత్రం నీళ్లను చూస్తూ కాసేపు ఆగి, దాటాక విడిచినచోట అందుకునేవాడు.

యాంప్ పెట్టిన తర్వాతి వారం కూడా అలాగే బయల్దేరాం. చాబీ తిప్పగానే నాలుగు తలుపుల స్పీకర్లలోంచి సుయ్‌మని ఒక చప్పుడు మొదలైంది. పాట పెట్టలేదు. స్టీరియో ముట్టుకోనే లేదు. నూనెలో ఏదో వేగుతున్నట్టు, ఎక్కడో కుళాయి సరిగ్గా కట్టనట్టు, ఎడతెగకుండా సుయ్. ఇంజను చప్పుడు కింద ఉంటుంది, మనిషి మాట దాని పైన తేలుతుంది. ఈ సుయ్ వచ్చి సరిగ్గా ఆ పైనే కూర్చుంది. బావ ఏదో అన్నాడు.

"ఏంది బావా?"

మళ్లీ అన్నాడు. ఆయన వైపు వంగాను. ఎదురుగా లారీ, మళ్లీ రోడ్డు మీదికి తిరిగాను. మూడోసారి ఆయన గొంతు పెంచాడు. పెంచగానే దగ్గు వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పెబ్బేరు రాకముందే చెయ్యి ఊపేశాడు, ఇంట్లో ఊపేసినట్టే. వంతెన దాటాక కూడా మాట రాలేదు. తిరుగు ప్రయాణంలో అద్దానికి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. నిద్రపోలేదని నాకు తెలుసు.

ఆ రోజు మా అక్క ఇంటి ముందే యాంప్ పీకేస్తానని డిక్కీ తెరిచాను.

"ఊకో తమ్మీ," అంది అక్క. "వాడు దుకాణం మూసి పోయి పెట్టించిండు. తీస్తే ఎంత బాధవడ్తడో. ఆయన గూడ వద్దనలే గద."

"ఆయన అంటే నీకు ఇనవడ్డదా?"

అక్క లోపలికి వెళ్లిపోయింది. మేనల్లుడు మాత్రం తేలిగ్గా నవ్వాడు. "పాట పెట్టుకో మామా. పాట పెడితే సుయ్ ఇనవడది."

ఈ జవాబు నాకు కొత్త కాదు. పత్రికలో పనిచేసిన ఇన్నేళ్లలో ప్రతి ఆఫీసు మెట్ల మీదా దీన్ని విన్నాను. కుళాయిలో మురికినీళ్లు వస్తున్నాయంటే వడగట్టుకోమంటారు. చెప్పిన మాటకు జవాబు చెప్పరు, చెప్పినవాడి చెవుల మీద ఇంకో చప్పుడు పోస్తారు. సొంత ఇంట్లో, నేను ఎత్తుకు తిప్పిన పిల్లవాడి నోట అదే వినేసరికి ఒళ్లు మండింది.

మర్నాడు కొత్తకోట వెళ్లాను. హైవే మీద దాబాల వరసలో ఉంది యాంప్ బిగించిన దుకాణం. ముందు ఎప్పుడూ ఒకటో రెండో లారీలు ఇంజన్లు ఆపకుండా నిలబడి ఉంటాయి. లోపల బల్ల మీద పాత స్టీరియోలన్నీ తలా ఒక పాట పాడుతుంటాయి. మేస్త్రి నా కారులో తల పెట్టి విన్నాడు, లేదా విన్నట్టు తల పెట్టాడు.

"ఏం లేదు గద సార్."

"ఆ లారీ బంద్ చేయించి ఇను."

"లారీ ఎట్ల బంద్ చేయిస్త సార్, గిరాకీ." నవ్వాడు. "జర సౌండ్ పెంచుకోండ్రి."

"స్టీరియో ఆపినా ఎందుకొస్తుంది?"

"కంపెనీ స్టీరియోకు యాంప్‌ను లేపే వైరు ఉండదు సార్. చాబీకి కలిపిన. చాబీ తిప్పితే యాంప్ ఆన్."

"అయితే దానికో బటన్ పెట్టు."

"బటన్ పెడితే ఎవలో ఒకలు ఒత్తుతరు. పాట రాదు. వచ్చి నన్ను తిడుతరు."

నేను కదలకపోయేసరికి యాంప్ నల్ల వైరు విప్పి, సీటు కింద రంగు గీకిన ఇనుము మీద కొత్తగా బిగించాడు. దానితో ఒకటి పోయింది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా సుయ్‌తో పాటు కుయ్‌మని పెరిగే ఇంకో చప్పుడు ఆగింది. సుయ్ అలాగే ఉంది. ఆ మాట చెబితే, కంపెనీ స్టీరియో తీసేసి తన దగ్గరున్న కొత్తది పెట్టించుకోమన్నాడు. ఉన్నదాన్ని పాడుచేసినవాడే కొత్తది అమ్ముతానంటున్నాడు. నోటికొచ్చినట్టు అన్నాను. వాడికి కోపం కూడా రాలేదు. లారీ చప్పుడులో నా తిట్లు సగం వాడికి చేరనేలేదు.

ఆదివారం వనపర్తిలో మా ఇంటి ముందు కారు నిలిపి డిక్కీలోకి సగం దూరాను. నాకు కరెంటు విద్య రాదు. ఒక మాట ఎక్కడ పుట్టిందో తెలియకపోతే, దాన్ని చేరవేసినవాళ్లను ఒక్కొక్కరినే అడుగుతూ వెనక్కి పోవడం మా పనిలో అలవాటు. అదే చేశాను. ఇంజను ఆపి చాబీ మాత్రం తిప్పాను. సుయ్ ఉంది. అంటే ఇంజనుది కాదు. స్టీరియో వాల్యూం సున్నాకు దించాను. రవ్వంత కూడా తగ్గలేదు. అంటే పాటది కాదు. స్టీరియో నుంచి యాంప్‌లోకి వచ్చే రెండు గుండ్రటి పిన్నులు లాగేశాను. చాలా వరకు పోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ వచ్చింది. ఎప్పటినుంచో స్టీరియోలో ఉన్న సన్నటి సుయ్ అది. ఇన్నాళ్లూ ఎవరికీ వినిపించలేదు. యాంప్ దాన్ని పట్టుకుని ఊరంతా చాటుతోంది.

అప్పుడు పిన్నుల పక్కన, యాంప్ చప్పుడు ఎంత పెంచాలో తిప్పే లెవల్ మర కనిపించింది. చివరిదాకా తిప్పి ఉంది. కదలకుండా దాని మీద ఎర్రటి నెయిల్ పాలిష్ చుక్క వేసి ఉంది.

ఆ చుక్క చూశాక నాకు అంతా తెలిసింది, కోపం ఇంకా పెరిగింది. ఆ మేస్త్రి బతుకంతా లారీలకే బిగించాడు. లారీలో ఇంజను డ్రైవరు పక్కనే ఉంటుంది, అక్కడ సుయ్ పుట్టినా వినేవాడుండడు. లారీవాళ్లు తిరిగొచ్చి పెట్టే గొడవ ఒక్కటే, సౌండ్ తక్కువుందని. అందుకని ఎవరి బండి వచ్చినా లెవల్ చివరికి తిప్పేసి, కుదుపులకు జరగకుండా చుక్క పెట్టేస్తాడు. ఏ బండిలో ఎవరు కూర్చుంటారో అడగడు.

బ్లేడుతో చుక్క గీకి మర వెనక్కి తిప్పాను. సుయ్ తగ్గుతూ తగ్గుతూ పోయింది. పూర్తిగా అడుగుకు దించి, ఇప్పుడు స్టీరియోలో పాట పెట్టి దాని వాల్యూం పెంచుకుంటూ పోయాను. పాట పగలబోతున్నట్టు అనిపించినచోట కొంచెం వెనక్కి వచ్చి, యాంప్ మరను కావలసినంత మాత్రమే ముందుకు తిప్పాను. ముందు స్టీరియోను గొణిగించి యాంప్‌ను అరిపించారు. ఇప్పుడు స్టీరియో తన గొంతుతో తను పాడుతోంది, యాంప్ దానికి చెయ్యి అందిస్తోంది. పాట ఆపి స్పీకరుకు చెవి ఆనిస్తే ఇంకా సన్నగా ఉంది. సీట్లో కూర్చుంటే లేదు.

సాయంత్రం వచ్చిన అల్లుడు విని ముఖం మాడ్చుకున్నాడు. "సౌండ్ పావు తిప్పితే అద్దాలు అదరాలె మామా. ఇప్పుడు సగం దాటినా అదురుతలేవు. పైసలు పోసి చిన్నగ ఇనుడేంది?"

"వచ్చే వారం నువ్వు గూడ రా. వెనక కూసొని ఇను."

వచ్చాడు. బావ ముందు సీట్లో, వాడు వెనక. చాబీ తిప్పాను. బావ ఒకసారి స్పీకర్ వైపు చూశాడు. కొత్తకోట దాటింది, పెబ్బేరు దాటింది. అల్లుడు పాట పెట్టమని సైగ చేశాడు, నేను పెట్టలేదు. బాగు చేయడానికి నేను తీసుకున్న రోజుల్లో ఈయన మాట్లాడటమే మానేశాడేమో అనిపించింది. వంతెన వచ్చింది. కృష్ణ నిండుగా ఉంది. వంతెన అయిపోయింది.

"బామ్మర్ది," అన్నాడు బావ.

గొంతు పెంచలేదు. స్పష్టంగా వినిపించింది.

"ఏంది బావా?"

"మొన్నొకపారి దారిల దగ్గొచ్చె గద నాకు. అప్పుడేమన్ననో తెల్సా? టైరుల గాలి తక్కువుందంటి. మూడుపార్లు అంటి. నువ్వు ఏంది ఏంది అని కర్నూలు దాకా గట్లనే ఈడ్చుకపోతివి."

వెనక అల్లుడు పకపకా నవ్వాడు. బావ తల తిప్పకుండానే వాణ్ని అందుకున్నాడు. "నువ్వెందుకు నవ్వుతున్నవ్ర? నా చెవి కాడ ఆ సుయ్ పెట్టింది నువ్వే గద."

"పాటలు ఇంటవని పెట్టిన నాయనా."

"పాట వద్దన్ననా? పాట అయిపోయినంక నేను మాట్లాడొద్దా?"

అద్దంలో చూస్తే వాడి నవ్వు పోయి తల కిందికి వాలింది.

తిరిగి వస్తుంటే కొత్తకోటలో ఆపమన్నాడు బావ. మేస్త్రి దుకాణం ముందు ఎప్పటిలాగే లారీ ఉరుముతోంది. బావ నెమ్మదిగా దిగి బల్ల దగ్గరికి వెళ్లి ఏదో అన్నాడు. మేస్త్రి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంది పెద్దాయనా?" బావ మళ్లీ అంతే గొంతుతో అన్నాడు. పెంచలేదు. నేను కలగజేసుకోబోతే చేత్తో ఆపాడు. ఆయన అలా నిలబడే ఉన్నాడు. చివరికి మేస్త్రికే చిరాకేసి బల్ల మీది స్టీరియోలన్నీ కట్టేశాడు. చాలలేదు. బయటికి వచ్చి లారీ డ్రైవరును కేకేశాడు. "అన్నా, జర బంద్ చెయ్యి, పెద్దాయన ఏదో అంటుండు!"

లారీ ఆగింది. దుకాణంలో ఒక్కసారిగా చప్పుడే లేకుండా పోయింది. ఆ లేనితనంలో బల్ల మీద పరీక్షకు పెట్టిన యాంప్ ఒకటి సుయ్‌మంటోంది.

"అదే," అన్నాడు బావ. "గా చప్పుడే పోయిన వారం నా చెవి కాడ పెట్టినవ్. ఇను."

మేస్త్రి విన్నాడు. "గది మామూలే పెద్దాయనా," అన్నాడు, కానీ చెయ్యి యాంప్ మీదికి పోయింది.

బావ బల్ల మీద ఉన్న ఎర్ర నెయిల్ పాలిష్ సీసా తీసి జేబులో వేసుకున్నాడు.

"అరే, అది పనిది పెద్దాయనా!"

"మా ఇంటామెకు ఇస్త. ఆమెకు పనికొస్తది."

కారు ఎక్కాక ఆయన గొంతు అలిసిపోయి ఉంది. ఇక చాలు, ఊరుకోమన్నాను. ఊరుకోలేదు. మేస్త్రిని తిట్టాడు, ఆ లారీ డ్రైవరును తిట్టాడు, నేను గతుకులు చూసుకోకుండా నడుపుతున్నానని ఆత్మకూరు దాకా నన్ను తిట్టాడు. నాకు ఇంకా కోపం పోలేదు. ఒక మనిషి మాట చెవిన వేసుకోవడానికి ఇంతమందితో ఇన్ని గొంతులు ఆపించాల్సి వచ్చిందని. కానీ స్టీరియో ముట్టుకోలేదు. అల్లుడూ అడగలేదు. వాడు రెండు సీట్ల మధ్యకు ముందుకు వంగి కూర్చుని, తండ్రి తనను ఎప్పుడు తిడతాడా అని చూస్తున్నాడు.