సుకుమారి హస్తవాసి

ఉదయగిరిలో పుట్టిన సుకుమారి, తల్లి రెబెకమ్మతో ఆత్మకూరులో అద్దెకుంటూ, బస్టాండు వెనక మేడమీద పెంచలనరసయ్య కంప్యూటర్ సెంటర్లో మూడేళ్లుగా పాఠాలు చెప్పేది. తొంభై తొమ్మిదిలో పీహెచ్‌పీ అనే కొత్త భాషను పుస్తకం చూసి నేర్చుకుని, తనే ఒక పేజీ రాసింది. విద్యార్థి నంబరు కొడితే మార్కులు కనపడతాయి. మార్కుల ఫైలు ఎక్కడుందో పేజీలో రాయలేదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అని, మెషీన్‌కు విడిగా చెప్పిపెట్టింది. పేజీ అడిగినప్పుడు మెషీన్ ఆ చోటు చెప్పాలి. పుస్తకం అలా చెయ్యమంది, ఆమె పుస్తకం మాట జవదాటే మనిషి కాదు.

చిత్రమేమిటంటే, ఆమె వచ్చిన రోజు పేజీ చక్కగా పలికేది. ఆమె సెలవు పెట్టి, అటెండరు కామయ్య మెషీన్ ఆన్ చేసిన రోజు తెల్లమొహం వేసేది. అంతా అమ్మాయి హస్తవాసి అని పెంచలనరసయ్య వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. సుకుమారి నవ్వి ఊరుకునేది. అబద్ధమెందుకు, ఆ మాట ఆమెకు తియ్యగానే ఉండేది.

ఆ తీపే చివరికి మెడకు చుట్టుకుంది. మర్రిపాడు దగ్గర ఒక ఊళ్లో ఆమెకు ప్రభుత్వ టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం నెల్లూరులో ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అవేమో చేరిననాడే పెంచలనరసయ్య బీరువాలోకి వెళ్లాయి. గురువారం వెళ్లి అడిగితే ఆయన కోప్పడలేదు. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు, బీరువా తాళం మాత్రం తియ్యలేదు.

"నువ్వు పోతే ఆ పేజీ ఎవురి మాటా వినదమ్మా. కామయ్య చేతిలో నడిపించి చూపించు, ఆ నిమిషమే తీసకపో" అన్నాడు.

దుర్మార్గుడేం కాదు, భయస్తుడు. కానీ భయస్తుడి బీరువాలో పడ్డ కాగితం అంత తొందరగా బయటికి రాదు.

శుక్రవారమంతా ఆమె పేజీని తిరగరాసింది. పేరులో అక్షరం తప్పిందేమో చూసింది, ఫైలు తెరుచుకుంటుందో లేదో చూసింది. ఏమీ తేలలేదు. శనివారం పొద్దున, మెషీన్‌కు తెలిసిన వేరియబుల్స్ అన్నీ తెరమీద చూపించే రెండు లైన్ల పేజీ రాసింది. కామయ్యను ఆన్ చెయ్యమని ఒకసారి, తను ఎప్పటిలా మొదలుపెట్టి ఒకసారి ప్రింట్ తీసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. తన కాగితంలో మార్కుల చోటు ఉంది, తన పేరూ ఉంది. కామయ్య కాగితంలో రెండూ లేవు.

మెషీన్ పెట్టినప్పుడు నెల్లూరు నుంచి వచ్చిన మెకానిక్, స్విచ్ వెయ్యగానే సర్వర్, అంటే పేజీని తెరమీదకు పంపే ప్రోగ్రాము, తనంతట తనే మొదలయ్యేలా పెట్టిపోయాడు. సుకుమారికి అది నమ్మబుద్ధి కాలేదు. రోజూ తన పేరుతో లాగినై, నడుస్తున్న సర్వర్‌ను ఆపి, మళ్లీ చేత్తో మొదలుపెట్టేది. రెబెకమ్మ కడిగి బోర్లించిన గిన్నెను ఇంకోసారి తొలిస్తేగాని పొయ్యి మీద పెట్టదు, కూతురికీ అదే అలవాటు. మార్కుల చోటేమో, ఆమె లాగినైనప్పుడు మాత్రమే మెషీన్ చదివే ఆమె సొంత ఫైల్లో రాసి ఉంది. ఆమె మొదలుపెట్టిన సర్వర్‌కు ఆ మాట అందేది. తనంతట తను లేచిన సర్వర్‌కు చెప్పినవాళ్లే లేరు.

హస్తవాసీ లేదు, పాడూ లేదు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఆ ఒక్క లైనును తన ఫైల్లోంచి తీసి, సర్వర్‌ను మొదలుపెట్టే ఫైల్లో రాసింది. మెషీన్ ఆపేసి, పెంచలనరసయ్యను పిలిచి లోపల కూర్చోబెట్టి, తను వరండాలోకి వెళ్లి నిలబడింది.

కామయ్య స్విచ్ వేశాడు. కాసేపాగి నంబరు కొట్టిన చప్పుడు వినపడింది.

"వచ్చినాయి సార్ మార్కులు" అన్నాడు.

బీరువా తలుపు కిర్రుమంది. పెంచలనరసయ్య కవరు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంక నువ్వు లేకపోయినా నడుస్తాది. పోయిరా తల్లీ" అన్నాడు, దీవించినట్టే.

ఆ మాట అనిపించుకోవడానికే మూడు రోజులు నానా తంటాలు పడింది. అయినా కవరు గుండెకు పట్టుకుని మెట్లు దిగుతుంటే సుకుమారికి ఏడుపొచ్చింది.