దిండులో వేలెడు సందు

బొబ్బిలిలో మిషను చర్చి వెనక వీధిలో స్వర్ణ అంటే అందరికీ కాస్త గౌరవం, కాస్త దడ. పెళ్ళికూతుళ్ళకు జాకెట్లు కుట్టేదీ ఆవిడే, పోయినవాళ్ళ పేటికలోకి తెల్లగుడ్డా దిండూ కుట్టేదీ ఆవిడే. కొలతలిచ్చే ఆడపిల్లలు ఆ టేపు నిన్న ఎవరి మీద పరిచావని అడగరు. అడిగితే చెప్పేస్తుందని భయం.

ఈ పని నేర్పింది దానమ్మ. ఆవిడ పెట్టిన పద్ధతి ఒకటుంది. ఇలాంటి దిండ్లు కుట్టే మనిషి తన దిండు తానే కుట్టుకోవాలి. బూరుగు దూది కూరి, ఒక మూల వేలెడు సందు వదిలి, దారం ఎక్కించిన సూది అక్కడే గుచ్చి ట్రంకుపెట్టెలో దాచుకోవాలి. ఆ సందు మూయడం మాత్రం మనిషి పోయాక ఇంకొకరి పని. బతికుండగా మూస్తే చావుకి కబురు పంపినట్టేనట. ఇది బైబిలు వాక్యంలో ఎక్కడా లేదని పాస్టరు విక్టర్ గారు చాలాసార్లు చెప్పారు. దానమ్మా స్వర్ణా బుద్ధిగా తలూపి, ఇంటికెళ్ళి సందు వదిలేశారు.

స్వర్ణ తన దిండు కుట్టుకున్నది కిందటేడు, అండాశయంలో కేన్సరని తేలిన వారంలో. విశాఖలో ఆపరేషను, ఆరుసార్లు కీమో. జుట్టు పోయింది. వేళ్ళ కొసలు మొద్దుబారి సూది జారిపోయేది. చివరికి స్కానులో ఏమీ కనపడలేదన్నారు. ఆ ఆదివారమే చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది: "దేవుడు నన్ను పూర్తిగా బాగుసేసినాడు." సంఘమంతా ఏడ్చింది. అంతమందిని ఏడిపించాక ఇక వెనక్కి తగ్గడం ఎవరి తరం!

తర్వాతి వారం డాక్టరమ్మ మాత్రలు రాసింది. పొద్దున రెండు, రాత్రి రెండు, రెండేళ్ళపాటు. స్వర్ణ ముఖం చూసి, ఆమెకు తెలిసిన మాటల్లోనే చెప్పింది. "కంటికి కనపడనిది లోపల మిగిలుండొచ్చమ్మా. ఆ పాడు కణాలు తెగిన పోగుల్ని తామే కుట్టుకుని మళ్ళీ లేస్తాయి. ఈ మందు వాటిని కుట్టుకోనివ్వదు. బాగానే ఉన్నానని మానేయకు."

స్వర్ణకు అంతా అర్థమైంది. అర్థమైన మాటను తీసుకెళ్ళి దానమ్మ ముందు పెట్టింది, అదీ ఆమె చేసిన తప్పు. నాలుగేళ్ళ కిందట దానమ్మకూ ఇదే జబ్బు. సంఘంలో ఇప్పటికీ ఆమెదే పెద్ద సాక్ష్యం.

"సాక్ష్యం సెప్పీసినాక మాత్రలేటే? దేవుడు సగం పని సేసి ఒగ్గీసినాడా?" అంది దానమ్మ.

"నీకూ రాసినారు కదప్పా. నువ్వేటి సేసినావు?"

దానమ్మ పళ్ళతో దారం కొరికి, సూది మార్చుకుంది.

స్వర్ణ కూతురు షాలిని బడిలో టీచరు. సాయంత్రం రాగానే మాత్రల అట్ట చూసేది. అట్ట ఖాళీ కావాలి, మాత్ర మింగకూడదు. పారేయడానికి స్వర్ణకు చేతులు రాలేదు. ఒక పూట ట్రంకుపెట్టె తెరిచి, ఆ రెండు మాత్రల్నీ తన దిండు సందులోంచి లోపలికి జార్చింది. అలా పూటపూటా జారుస్తూ మూడు నెలలు గడిచాయి.

మధ్యాహ్నాలు నడుం వాలిస్తే మంచం కింద ట్రంకులోంచి చిన్న చప్పుడు వచ్చేది, చేటలో కందులు కదిలినట్టు. ఎలుకేమోనని తెరిచింది. దిండు తన చోటే ఉంది. కానీ ఎవరో తల ఆనించి లేచినట్టు నడుమ పల్లం పడి ఉంది. చేత్తో సరిచేసి మూసేసింది. మర్నాడు తెరిస్తే మళ్ళీ పల్లమే.

నెల నెలా రక్తపరీక్ష. "ఈ మందుకి ఎవరికైనా రక్తం కాస్త తగ్గుతుందమ్మా. నీకు చుక్క తగ్గలేదు," అని డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. స్వర్ణ తల దించుకుని రిపోర్టు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఒకరోజు దానమ్మ వచ్చి ట్రంకు తనే తీసి, దిండును చేతుల్లో తూచి, చెవి దగ్గర పెట్టుకుంది. "బరువెక్కినాది," అంది. చాలాసేపు వింది. తర్వాత పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా దాన్ని లోపల పెట్టేసింది. చీర కుచ్చిళ్ళ కింద ఆమె పొట్ట ఎత్తుగా ఉంది. ఏటప్పా అంటే గేస్టిక్కంది.

ఆ నెల దాటకుండానే ఒక శనివారం పొద్దున్నే దానమ్మ తమ్ముడు ఎలీషా గుమ్మంలో నిలబడ్డాడు. "అప్ప పోయినాది. దిండు మూసీడానికి నువ్వే రావాలని ఎప్పుడో సెప్పింది."

స్వర్ణ ఆ పూట మాత్రల అట్టను అలాగే కుట్టుసంచిలో పడేసుకుని పరిగెత్తింది.

గదిలో స్వర్ణ, దానమ్మ, ఇద్దరే. దానమ్మ చేతులు పుల్లల్లా ఉన్నాయి, పొట్ట నిండు నెలల మనిషికి ఉన్నట్టుంది. తన పొట్టా జబ్బు మొదట్లో అలాగే ఉబ్బింది. స్వర్ణ చూపు తిప్పేసుకుని, దానమ్మ దిండు తీసింది. చేయి తగలగానే అది గలగలలాడింది.

ఆ చప్పుడు ఆమెకు తెలుసు.

సందులో వేలు పెట్టింది. దూది, దూది వెనక పొడి, పొడిలో గట్టిగా మిగిలిన బిళ్ళలు. నాలుగేళ్ళనాటివి. స్వర్ణకు ముందు కోపమొచ్చింది, ఆ తర్వాతే ఏడుపు. "నా దిండు సెవి కాడ ఎట్టుకుని యిన్నావు కదే! అప్పుడైనా సెప్పలేకపోనావా?" అంది. దానమ్మ నోరు కొంచెం తెరుచుకుని ఉంది, ఇప్పుడో ఇంకాసేపటికో చెబుతుందన్నట్టు.

"అయిందేటమ్మా? పెట్టె వచ్చీసినాది," బయట్నుంచి ఎలీషా పిలిచాడు.

ఆమె గుట్టు ఆమెతోనే పోనీ అనుకుంది. సందు మూసి, ముడి వేసి, దిండు తల కింద పెట్టింది.

చర్చిలో విక్టర్ గారు దానమ్మ సాక్ష్యాన్ని కొనియాడుతున్నారు. దేవుడు ఆమెను సంపూర్ణంగా స్వస్థపరిచాడని ఆయన అనగానే పేటికలోంచి గలగలమంది. స్వర్ణ ఉలిక్కిపడి అటూ ఇటూ చూసింది. ఎవరూ తల ఎత్తలేదు. మళ్ళీ గలగలమంది, ఈసారి ఇంకా దగ్గరగా, తన ట్రంకులోంచే వచ్చినట్టు. ఆమె లేచి నిలబడింది.

"అయ్యగారూ, నాను సగం సాక్ష్యమే సెప్పినాను. నాకింకా మందున్నాది. మూడు నెల్లై మింగినానని అబద్ధమాడి, ఆ మాత్రలన్నీ నా దిండులో దాస్తన్నాను. మీ అందరికీ సిగ్గుపడి సావడానికి కూకున్నాను."

స్వర్ణ సంచిలోంచి అట్ట తీసింది. మొద్దుబారిన వేళ్ళకు మాత్ర ఊడి రాలేదు. విక్టర్ గారు ఏమీ అడక్కుండా తన బల్ల మీది నీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చారు. రెండు మాత్రలూ అందరి ఎదుటా గొంతు దిగాయి. ఆలస్యమైపోయిందో లేదో వచ్చే స్కానే చెప్పాలి.

పేటికలో దిండు మళ్ళీ కదల్లేదు. ఆడవాళ్ళ వరసలోంచి షాలిని వచ్చి తల్లి చేతిలోంచి అట్ట లాక్కుంది.

"రాత్రివి నా ఎదురుగా ఏసుకుంటావు," అంది. "ఇంటికెళ్ళగానే ఆ దిండు నాకిచ్చీ."