పక్క సీటు మీద ప్లాస్టిక్ కవరు

పాత కార్ల వ్యాపారంలో ఆయన్ని అందరూ రీడింగు మావయ్య అనేవారు. కారు ఎంత తిరిగిందో మీటరును అడిగేవాడు కాదు. పెడల్ మీది రబ్బరును అడిగేవాడు. "మీటరు అబద్ధమాడుతుందిరా, రబ్బరు ఆడదు" అనేవాడు. మీటరు వెనక్కి తిప్పి అమ్మజూపినవాళ్ళను నలుగురిలో కడిగి పారేసేవాడు.

అంతటి మనిషీ ఒక ఎర్రటి స్పోర్ట్స్ కారు మీద మనసు పారేసుకున్నాడు. ఇరవై రెండేళ్ళ కిందటి మాట. రెండే సీట్లు. మొదటి యజమాని పక్క సీటు మీది కంపెనీ కవరు కూడా తీయలేదు. కొనితెచ్చి షెడ్డులో పెట్టేసరికి రీడింగు 4,112. "ఇద్దరికి మించి పట్టని బండి ఎవడు కొంటాడు? తెల్ల ఏనుగు!" అని తోటి వ్యాపారులు నవ్వారు. నిజంగానే ధర ఏటేటా దిగి సగానికొచ్చింది. తర్వాత కంపెనీ ఆ మోడల్ ఆపేసింది. ఇక చూడండి, ధరకు రెక్కలొచ్చాయి. తక్కువ తిరిగిన బండికైతే చెప్పనే అక్కర్లేదు.

తెచ్చిన రోజే భార్య ముచ్చటపడి పక్క తలుపు తీసింది. "ఒక్క చుట్టు తిప్పండి."

"అయ్యో, కూర్చోకు! కవరు చిరిగితే విలువ పోతుంది."

"సరే లెండి, మీ విలువ మీరే ఉంచుకోండి" అని నవ్వేసి లోపలికి వెళ్ళింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ నవ్వు ఇప్పటికీ ఆయన చెవుల్లోనే ఉంది.

మోకాళ్ళు మొరాయించాక, వారానికోసారి ఇంజన్ స్టార్ట్ చేసే పని ఆమెకు అప్పగించాడు. పెళ్ళైన కొత్తలో డొక్కు కార్ల మీద ఆమెకు డ్రైవింగు నేర్పింది తానేనన్న సంగతి మరిచిపోయాడు పాపం. ఆరేళ్ళు ఆ పని చేసి, పోయినేడాది ఆమె కన్నుమూసింది. షెడ్డు వైపు చూడబుద్ధి కాక కారు అమ్మకానికి పెట్టాడు.

ఒక పళ్ళ డాక్టరు వచ్చాడు. ఫోనులో 4,112 అని మాటిచ్చి ఉన్నాడు మావయ్య. పాత శిష్యుడైన మెకానిక్ కొత్త బ్యాటరీ వేసి తాళం తిప్పితే, మీటరు 4,423 చూపించింది.

మావయ్యకు తల కొట్టేసినట్టయింది. దొంగలెవరైనా తిప్పారా? అలవాటుగా వంగి చూశాడు. డ్రైవరు సీటు బాగా ముందుకు జరిపి ఉంది. వెనక చూసే అద్దం కిందికి వంచి ఉంది. క్లచ్ రబ్బరు ఎడమ అంచున మాత్రమే అరిగింది. పాదం వంకరగా పెట్టకని ఎన్నిసార్లు చెప్పినా వినని మనిషి ఒక్కతే ఉండేది.

మెకానిక్ చెవిలో గొణిగాడు. "రెండు నిమిషాల పని మావయ్యా, వెనక్కి తిప్పేస్తా."

"నోర్ముయ్!" అని, మావయ్య డాక్టరు వైపు తిరిగాడు. "నేను చెప్పింది తప్పు బాబూ. మూడువందల పదకొండు కిలోమీటర్లు మా ఆవిడ నడిపింది."

"అయితే ధర తగ్గించాలండీ. పోన్లెండి, ఆ సీటు కవరైనా అలాగే ఉంది."

మావయ్య పక్క తలుపు తీశాడు. గోళ్ళతో కవరు పట్టి చర్రున చింపాడు.

"అయ్యో, చింపకండి! విలువ పోతుంది!" అని డాక్టరు కేకేశాడు.

ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లోపల కూర్చున్నాడు. ముందుకు జరిపి ఉన్న ఆ డ్రైవరు సీటును చాలాసేపు చూశాడు.

"ఇన్నాళ్ళూ పాపం ఒక్కతే తిరిగిందిరా" అన్నాడు శిష్యుడితో.