పాత తాళంచెవిని పారేయనివ్వని రాజలింగం సార్

ఆచార్య రాజలింగం గారు పరమపదించారన్న వార్త కరీంనగర్‌లోని మా ఇంజనీరింగ్ కళాశాల వాట్సాప్ గ్రూపులో, హాజరు నోటీసుకూ సెలవు నోటీసుకూ మధ్య వచ్చింది. తెల్లవారుజామున గుండెపోటు అట. నేను చాలాసేపు నమ్మలేదు. నిన్న మధ్యాహ్నం నా మీద కేకలేసిన మనిషి ఇవాళ ఎట్లా పోతారు? దుఃఖం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది కోపమే. అది ఇంకా దిగలేదు. ఈ నాలుగు మాటలు రాసి ముగించేసరికి దిగుతుందన్న నమ్మకమూ లేదు.

ఆయన గోదావరి ఒడ్డున బొగ్గుగని కాలనీలో పుట్టారు. తండ్రి గనిలోకి దిగిన కార్మికుడు. విద్వత్తు అపారం, వినయం శూన్యం. "నాకు తెలుసు గనుక చెప్తున్న, వినుండ్రి" అని పాఠం మొదలుపెట్టేవారు. పొద్దున తిట్టిన విద్యార్థిని సాయంత్రం క్యాంటీన్‌లో పక్కన కూర్చోబెట్టుకుని మిర్చి బజ్జీలు తినిపించేవారు. నన్ను మాత్రం తిట్టి, ఆ బజ్జీలు కూడా నాతోనే తెప్పించేవారు. చొప్పదండి నేతవాళ్ల బిడ్డను, కండెలు చుట్టిన ఓపిక ఉంటుందని ఆయన నమ్మకం.

సార్ జీవితంలో చివరి యుద్ధం ఒక చిన్న చిప్పు మీద జరిగింది. అధికారుల డిజిటల్ సంతకం ఉండే టోకెన్ చూడటానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది, లోపల స్మార్ట్ కార్డు చిప్పు. సంతకం ఎవరిదో చెప్పే ధ్రువపత్రం, దానికి జతగా ఒక రహస్య తాళంచెవి అందులో ఉంటాయి. ఆన్‌లైన్‌లో వేసిన టెండర్లకు ఆ అధికారి పేరునే తాళం పడుతుంది, ఆ తాళంచెవి లేనిదే అవి తెరుచుకోవు. ధ్రువపత్రానికి గడువు తీరితే కొత్తది ఎక్కించాలి. చిప్పులో జాగా తక్కువ. మన ఆఫీసుల ఆనవాయితీ తెలిసిందే కదా, టోకెన్ అధికారి జేబులో ఉండదు, ఆపరేటర్ కంప్యూటర్‌కే అంటుకుని ఉంటుంది. కొత్తది ఎక్కకపోతే పాతదాన్ని తాళంచెవితో సహా తుడిచేసి ఎక్కిస్తారు. వెనుక ఏ తాళాలు మిగిలిపోయాయో ఎవరూ చూడరు.

మా బాపు అధ్యక్షుడిగా ఉన్న నేత సంఘం బడిపిల్లల యూనిఫాం గుడ్డకు టెండరు వేసింది. తెరవాల్సిన రోజున అది తెరుచుకోలేదు. ఈలోగా అధికారి ధ్రువపత్రం మారింది, పాత తాళంచెవి తుడిచిపెట్టుకుపోయింది. సాంకేతిక కారణాలని ఒక్క ముక్క రాసి టెండరు రద్దు చేసి చేతులు దులుపుకున్నారు. మళ్లీ పిలిచేలోపు బడులు తెరిచారు, గుడ్డ ఎక్కడి నుంచో వచ్చింది. మా వాడకట్టులో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. బాపు నన్ను వెంటబెట్టుకుని సార్ ఇంటికి వచ్చి, "సారూ, మేం చేసిన తప్పేంది? మా టెండరు ఎవలు మింగిన్రు?" అని అడిగాడు. పోయిన తాళంచెవిని తిరిగి తేవడం ఎవరి తరమూ కాదని సార్‌కు తెలుసు.

అయినా మర్నాడు బాపుతో కలిసి టెండరు పిలిచిన ఆఫీసుకు వెళ్లారు. జాగా లేకపోతే పాతది తీయక ఏం చేస్తామని అధికారి విసుక్కున్నాడు. సార్ గొంతు వరండా దాకా వినిపించింది.

"కొత్త పెట్టె కొన్నరని పాత పెట్టె తాళంచెవి బాయిల పారేస్తరా? గా పెట్టెల ఉన్నది మీ బట్టలు కాదు, వీళ్ల బువ్వ."

ఆ ఏడు సెలవులకు కూడా విద్యార్థులమైన మమ్మల్ని ఇళ్లకు పోనివ్వలేదు. చిప్పులో జాగా తినేస్తున్నది తాళంచెవులు కాదు, ధ్రువపత్రాలు అని సార్ పట్టుకున్నారు. తాళంచెవులను ముట్టుకోకుండా, ధ్రువపత్రాలను దుప్పటి మడిచినట్టు మడిచిపెట్టే ప్రోగ్రాం మాతో రాయించారు. నేను రాసిన భాగాన్ని నచ్చేదాకా చెరిపించారు, నేను ఏడ్చినా వదల్లేదు. చివరికి అదే చిప్పులో పాతవి ఉండగానే కొత్తవి ఎక్కాయి. పైసా వద్దు, వాడుకోండి చాలు అని ఆ ఆఫీసులోనే చూపించారు. అందరూ చప్పట్లు కొట్టి, పైనుంచి ఉత్తర్వు రావాలన్నారు. సార్ హైదరాబాద్ దాకా తిరిగారు, గొంతు పోయేలా అరిచారు. ఉత్తర్వు రాలేదు. మరుసటేడు ఆసిఫాబాద్ వైపు ఇంకో సంఘానికి ఇదే గతి పట్టింది. ఆ రోజు సార్ అరవలేదు.

"తప్పు చేస్తే మనిషిని తిట్టొచ్చు బిడ్డా. తప్పే పద్ధతైతే ఎవల్ని తిట్టాలె?" అన్నారు.

సంతాప సభలో ముందు వరుస కుర్చీ ఆ టెండరు ఆఫీసు అధికారిదే. పూలదండ వేసి, రాజలింగం గారి మరణం సమాజానికి తీరని లోటని గద్గద స్వరంతో సెలవిచ్చాడు. బతికుండగా ఆయన అడిగిన ఒక్క కాగితం ఇవ్వని వాళ్లకు ఇవాళ లోటు కనిపించిందా? దండ వేసిన ఆ చేతికి సంతకం పెట్టడం రాలేదా?

సభ ముగియగానే మా ప్రిన్సిపాల్ గారు, ఇప్పుడు అదే కళాశాల పరీక్షల విభాగంలో పనిచేస్తున్న నన్ను పక్కకు పిలిచారు. చివరిదాకా ఆ విభాగం అధికారి సారే. విభాగం టోకెన్‌లో కొత్త అధికారి ధ్రువపత్రం ఎక్కడం లేదట. సార్ ఇక లేరు కాబట్టి ఆయనది తీసేయమన్నారు. ఈ సెమిస్టర్ ప్రశ్నపత్రాలన్నింటికీ సార్ తాళంచెవితోనే తాళం పడి ఉందన్న సంగతి ప్రిన్సిపాల్ గారికి తట్టనే లేదు. ఫొటో మీద పూలు ఇంకా వాడలేదు.

"తియ్యను సార్. జాగ ఉన్నది" అన్నాను.

సార్ ప్రోగ్రాం నడిపాను. ధ్రువపత్రాలు మడతపడ్డాయి, కొత్తది వచ్చి సార్ పేరు పక్కన కూర్చుంది. ప్రశ్నపత్రాలు తెరుచుకున్నాయి. అప్పుడు ఏడ్చాను.

గురువు గారూ, మీ ఆత్మకు శాంతి కలగాలని అందరూ ప్రార్థిస్తున్నారు. నేను ప్రార్థించను. మీలాంటి మనిషి ఈ జిల్లాకు మళ్లీ దొరకడు, మీ కోపమైనా మాకు మిగలాలి. రేపు ఆ ఉత్తర్వు కోసం బాపును వెంటబెట్టుకుని ఆ ఆఫీసుకే పోతున్నాను. నాకు మీ అంత గొంతు లేదు సార్. అయినా అరుస్తాను.