మడి గొయ్యి, ఎంగిలి గొయ్యి

బాపట్లలో మా పక్కింటి దక్షిణామూర్తి నాకు వరసకు మరిది. బడిపిల్లలకు భాగహారాలు చెప్పి చెప్పి పందొమ్మిది వందల అరవై ఏడులో రిటైరయ్యాడు. భాగించడానికి ఇంకేమీ దొరక్క ఇంటి మీద పడ్డాడు.

ఊరి చెత్తపోసి బజారు కూరలు పెంచుతున్నారని ఎవరో ఆయన చెవిన వేశారు. తెనాలి నుంచి తమ్ముడు సుబ్రహ్మణ్యం వచ్చినప్పుడు, "ఈసారి అమ్మ తద్దినానికి బజారు కూర మన గుమ్మం తొక్కదు. అంతా పెరటి కాయే" అని ప్రకటించాడు.

"నీ పెరట్లో ఇసక తప్ప ఏముందన్నయ్యా? కాయలు కాయకపోతే పై ఏడు నుంచి తద్దినం తెనాల్లో మా ఇంట్లో పెడదాం."

"అలాగే కానీ."

అనేశాడు గానీ, తల్లి తద్దినం పెద్దకొడుకు గడప దాటిపోవడమంటే మాటలా? మర్నాడే ఎరువు సంగతి వాకబు చెయ్యబోయాడు.

వంటింటి చెత్త, రాలిన ఆకులు, పేడ గోతిలో వేసి తడి ఆరకుండా కుళ్ళనిస్తే మంచి ఎరువవుతుందని తెలిసినవాళ్ళు చెప్పారు. లోకమంతా ఒక గొయ్యి తవ్వుకుంటుంది. మా మరిది రెండు తవ్వించాడు. తిన్న విస్తళ్ళు, మెతుకులు ఎంగిలి గోతిలోకి. కూర తొక్కలు, దేవుడి పూలు, ఆవుపేడ మడి గోతిలోకి. తద్దినం కాకరపాదుకు మడి ఎరువే వెయ్యాలి.

"కాఫీ పిప్పి ఎందులో వెయ్యమంటారు?" అని అడిగింది ఆయన భార్య శేషారత్నం.

"తాగాక మిగిలిందేగా. ఎంగిలి."

"పిప్పి ఎవరి నోట్లో పడిందండీ?"

ఆ పూటంతా ఆలోచించి, వీధిలో పారెయ్యమన్నాడు.

మడి గోతిని మడి కట్టుకున్నవాళ్ళే ముట్టాలి. మడి కట్టుకున్న శేషారత్నానికి పొయ్యి దగ్గర నుంచి లేచే తీరిక లేదు. చుక్క నీళ్ళు పోసే దిక్కులేక తొక్కలన్నీ ఒరుగుల్లా ఎండిపోయాయి. చేతులు కడిగిన నీళ్ళన్నీ తాగిన ఎంగిలి గొయ్యి మాత్రం నల్లగా, పొడిపొడిగా, కాఫీపొడిలా పండింది.

తద్దినానికి మడి ఎరువుతో ఒక పాదు, ఇంటి వాడకానికి ఎంగిలి ఎరువుతో ఇంకో పాదు చేసి, రెండింటిలోనూ కాకర పెట్టారు. మడి పాదులో తీగ మోకాలెత్తు లేచి పసుపెక్కింది. ఎంగిలి పాదులో తీగ పందిరెక్కి, మడి వైపుకు పాకి, విరగకాసింది.

తద్దినానికి ముందు రోజు నన్ను పందిరి కిందికి పిలిచాడు. "వదినా, కాయ ఇటుంది, వేరు అటుంది. ఏంటి చెయ్యడం?"

"వేరు నీకు కనిపిస్తోందా?"

"లేదు."

"నాకూ లేదు."

"రేపు మీ తమ్ముడు బస్సు దిగుతాడు" అంది శేషారత్నం. "కాయలు కొయ్యమంటారా, తద్దినాన్ని తెనాలికి మూటగట్టమంటారా?"

ఆయన కండువా సర్దుకున్నాడు. "మొక్క తినేది వేరుతో. ఎంగిలి అక్కడే ఆగిపోతుంది. కాయ కాసింది ఆకాశంలో. ఆకాశానికి ఎంగిలేమిటి? కొయ్యి."

మర్నాడు సుబ్రహ్మణ్యం కాకరకాయ కూర మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాడు. "ఇసకలో ఇంత కాయా? తద్దినం నీ దగ్గరే ఉండనీ అన్నయ్యా."

"మడి ఎరువు నాయనా" అన్నాడు మా మరిది, కళ్ళు మూసుకుని. వడ్డిస్తున్న శేషారత్నానికి పొలమారింది.

పోయేదాకా మడి ఎరువు మహిమ అడిగినవాళ్ళకూ, అడగనివాళ్ళకూ చెప్పాడు. మడి గొయ్యిని మాత్రం ఆ వారమే పూడ్పించాడు. ఆ తర్వాత విత్తనాలన్నీ ఎంగిలి పాదులోనే పెట్టించి, తీగలను దగ్గరుండి ఇటువైపుకు పాకించేవాడు.